ఎర్రకళ్ల తల్లికి కూతుళ్లు ఎందుకు పుట్టలేదు? – తరగతి గదిలో నాసోనియా కందిరీగలు

చిత్తూరు_జంతుశాస్త్రం | జనవరి 19

సభ్యులందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. తేనెటీగలలో ఆడదానికి 32, మగదానికి 16 క్రోమోసోములు ఉంటాయని పదిహేనేళ్లుగా నల్లబల్ల మీద రాస్తూనే ఉన్నాను; పిల్లలు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదువుకుని పరీక్ష అయ్యాక మరిచిపోతూనే ఉన్నారు. తండ్రి లేకుండా కొడుకు పుట్టడం అనేది ఇంత తేలికగా మరిచిపోయే సంగతి కాదు కదా అని ఈ ఏడు వాళ్ల కళ్లకే చూపించాలని పూనుకున్నాను.

తేనెతుట్టెను తరగతిలోకి తేలేము కాబట్టి నాసోనియా విట్రిపెన్నిస్ అనే పరాన్న కందిరీగను ఎంచుకున్నాను. ఇది రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు. ఈగల ప్యూపాల మీద గుడ్లు పెడుతుంది. మనిషిని కుట్టదు. మగదానికి రెక్కలు పొట్టివి, ఎగరలేదు. ఆడది ఎగరగలదు గాని ఎక్కువగా నడిచే తిరుగుతుంది. తిరుపతిలో పరిశోధన చేస్తున్న మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఎర్రకళ్ల రకం రెండు గొట్టాలు ఇచ్చింది. ముదురు గోధుమరంగు కళ్లు గల సహజ రకాన్ని మేమే సంపాదించాము. చేపల మార్కెట్ నుంచి తెచ్చిన వ్యర్థాన్ని చిల్లుల డబ్బాలో పెట్టి, మాంసపు ఈగల పురుగులు ప్యూపాలుగా మారిన తరువాత ఆ డబ్బాను తెరిచి ఉంచాము. కొన్ని ప్యూపాల నుంచి ఈగలకు బదులు సూది మొనంత గుండ్రని రంధ్రం చేసుకుని ఈ కందిరీగలు వచ్చాయి. ఆ అమ్మాయే సూక్ష్మదర్శిని కింద చూసి అవి నాసోనియాలేనని నిర్ధారించింది.

ఇక సమస్య. ఎర్రకన్ను అంతర్గత లక్షణం, అంటే ముదురుకన్ను జన్యువు పక్కన ఉంటే అది బయటపడదు. ఎర్రకళ్ల ఆడవాటిని ముదురుకళ్ల మగవాటితో సంకరణం చేస్తే కూతుళ్లన్నీ ముదురు కళ్లతోను, కొడుకులన్నీ ఎర్రకళ్లతోను పుట్టాలని పిల్లలు ముందే లెక్కవేసి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. మేము 12 గొట్టాలు పెట్టాము. పద్నాలుగో రోజుకు పన్నెండింటిలోనూ కందిరీగలు వచ్చాయి, సంఖ్య కూడా బాగానే ఉంది. కాని ప్రతి గొట్టంలోనూ మగవే, అన్నీ ఎర్రకళ్లవే. ఒక్క కూతురు కూడా లేదు. "జాతి చెడిపోయింది, పారేసి మళ్లీ మొదలుపెట్టండి" అని తోటి ఉపన్యాసకులు అంటున్నారు. నాకు పారేయడానికి మనసు ఒప్పడం లేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

కీటకాల_గది_తిరుపతి | జనవరి 19

మేడమ్, దయచేసి ఆ గొట్టాలను పారేయకండి. మీకు వచ్చిన ఫలితం చెడిపోయిన జాతి ఇచ్చే ఫలితం కాదు. తల్లి గుడ్లు పెట్టింది, అవి పొదిగాయి, పిల్లలు ఆరోగ్యంగా పెరిగి బయటకు వచ్చాయి. అంటే తల్లీ, అతిథేయి అయిన ఈగ ప్యూపా, ఉష్ణోగ్రత మూడూ సరిగానే ఉన్నాయి. లేనిదల్లా తండ్రి వాటా ఒక్కటే.

నాసోనియాలో ఫలదీకరణ చెందిన గుడ్డు 10 క్రోమోసోములతో ఆడదవుతుంది, ఫలదీకరణ చెందని గుడ్డు 5 క్రోమోసోములతో మగదవుతుంది. సంపర్కం జరిగినప్పుడు ఆడది శుక్రకణాలను శుక్రగ్రాహికలో దాచుకుని, ఒక్కొక్క గుడ్డు కిందికి జారే సమయంలో వాటిని విడవడమో మానడమో చేస్తుంది. మగతోడు ఎరుగని ఆడది కూడా గుడ్లు పెట్టడం మానదు, కాని పుట్టేవన్నీ కొడుకులే. కాబట్టి మీ 12 తల్లులూ సంపర్కం లేకుండానే ప్యూపాల మీదకు వెళ్లి ఉంటాయని నా మొదటి అనుమానం.

మీరు కన్య ఆడవాటిని వేరుచేసిన పద్ధతి చెప్పండి. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో లాగా బయటకు వచ్చిన కొన్ని గంటల్లో పట్టుకోవడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మగవి కొంచెం ముందుగా వచ్చి ఆ రంధ్రం దగ్గరే కాచుకుని ఉండి, అక్కచెల్లెళ్లు బయటకు రాగానే జతకడతాయి. ఆడది సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. అందుకని పదో రోజు, పదకొండో రోజు నాటికే ఈగ ప్యూపా గుల్లను తల వైపు నుంచి పట్టకారుతో మెల్లగా చిదిపి, లోపలి కందిరీగ ప్యూపాలను తెల్లకాగితం మీద రాల్చి, చేతిభూతద్దంతో చూసి వేరుచేయాలి. రెక్కల మొగ్గలు పొడవుగా ఉంటే ఆడది, బొత్తిగా పొట్టిగా ఉంటే మగది. ఆడదానికి పొట్ట అడుగున అండనిక్షేపకం (గుడ్లు పెట్టే సూదిలాంటి అవయవం) గీత కూడా కనిపిస్తుంది. సన్నటి కుంచెను కొద్దిగా తడిపి దాని మొనతో ఎత్తాలి. పొడి కుంచెతో తోస్తే ఆ ప్యూపాలు చితికిపోతాయి.

కళ్ల రంగును మాత్రం ప్యూపా దశలో లెక్కించవద్దు. పసుపురంగు ప్యూపాలలో సహజ రకం కళ్లు కూడా కొంతకాలం ఎర్రగానే ఉండి తరువాత ముదురుతాయి. పిల్లలు ఇక్కడ తప్పకుండా మోసపోతారు, నేనూ మొదటి ఏడు మోసపోయాను.

విశ్రాంత_ఉపన్యాసకుడు | జనవరి 20

అమ్మా, మీ పూనికను చూసి సంతోషించాను. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా జన్యుశాస్త్రం చెప్పాను, ఈ ప్రయోగం చేయించాలనే కోరిక తీరకుండానే పదవీ విరమణ చేశాను.

మగ తేనెటీగలు ఫలదీకరణ లేని గుడ్ల నుంచి పుడతాయని మొదట చెప్పినవాడు సైలీషియాకు చెందిన జీర్జోన్ అనే మతగురువు. ఆయన ఆ మాట ప్రకటించింది 1845లో, మెండెల్ బఠాణీల ఫలితాలను చదివి వినిపించడానికి ఇరవై ఏళ్ల ముందు. క్రోమోసోము అనే పదం కూడా అప్పటికి లేదు. తేనెపట్టును ఓపికగా గమనించడం తప్ప ఆయన చేతిలో వేరే సాధనమూ లేదు. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. మీ పన్నెండు గొట్టాలలో కనిపించింది ఆయనకు కనిపించినదే.

పైన సోదరుడు చెప్పిన కారణమే సరైనదని నాకూ తోస్తున్నది. జత కుదిరిందో లేదో మీరు స్వయంగా చూశారా?

చిత్తూరు_జంతుశాస్త్రం | జనవరి 20

ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను రాయవలసినంత వివరంగా రాయలేదు, అది నా లోపమే.

ఆడవాటిని ప్యూపా దశలోనే వేరుచేశాము. మందుల దుకాణంలో ఖాళీ క్యాప్సూళ్లు కొని ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ప్యూపాను ఉంచాము. జత విషయానికి వస్తే, మేము చూశాము. ప్రతి గొట్టానికీ ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక ఆడదాన్నీ ఒక మగదాన్నీ వదిలి, జరిగినదంతా నిమిషాలతో సహా రాయమన్నాను. మగది ఆడదాని వీపు మీదకు ఎక్కి తల దగ్గర నిలిచి, ముందుకు వంగి, తలను పదే పదే పైకీ కిందికీ ఊపింది. కొంతసేపటికి ఆడది కదలడం మాని, స్పర్శశృంగాలను కిందికి వాల్చి, తల దించింది. అప్పుడు మగది వెనక్కి జరిగి జతకట్టి, తిరిగి ముందుకు వచ్చి మళ్లీ కొంతసేపు తల ఊపింది. ఒక అమ్మాయి ఈ క్రమమంతా బొమ్మలు గీసి పెట్టింది. పన్నెండు గొట్టాలలో పదకొండింటిలో ఇది కళ్లారా చూశాము, ఒక్క గొట్టం దగ్గర మాత్రం గంట కొట్టినందువల్ల పిల్లలు లేచిపోయారు.

ఎర్రకళ్ల రకాన్ని దానితో దాన్నే ఉంచితే కూతుళ్లు బాగానే పుడుతున్నాయి. ముదురుకళ్ల రకమూ అంతే. రెండింటినీ కలిపినప్పుడే ఇలా జరిగింది. అందువల్ల తల్లులు కన్యలుగానే మిగిలిపోయాయి అనే మాటతో నాకు సమాధానం కలగడం లేదు.

పలమనేరు_పట్టుగూళ్లు | జనవరి 21

అందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, పలమనేరు వైపు మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్నాను. చర్చ మధ్యలో వచ్చినందుకు మన్నించాలి, కాని ఈగ ప్యూపాలు, పరాన్న కందిరీగలు అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మాకు ఊజీ ఈగ అంటే ఏమిటో బాగా తెలుసు. అది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు లోపలికి దూరిన చోట నల్లటి మచ్చ పడుతుంది, గూడు కట్టాక పురుగు గూటికి చిల్లు చేసుకుని బయటకు వస్తుంది. చిల్లు పడిన గూడు నూలు తీయడానికి పనికిరాదు. ఈ ఈగ 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన గూళ్లతో కర్ణాటకలోకి అడుగుపెట్టి, అక్కడి నుంచి మన వైపు వ్యాపించింది. దాని ప్యూపాలను చంపడానికి నెసోలింక్స్ థైమస్ అనే చిన్న కందిరీగలను పెంపకపు షెడ్లలో వదులుతాము. కాబట్టి ఈ జాతి పురుగుల మేలు మాకు తెలిసినదే.

నాకున్న సందేహాలు రెండు. మీ నాసోనియా తప్పించుకుని వస్తే పట్టుపురుగుల ప్యూపాల మీద గుడ్లు పెడుతుందా? రెండోది సందేహం కంటే విన్నపం అనాలి. మా ప్రాంతపు బడుల్లో ఎవరైనా ఈ ప్రయోగానికి పూనుకుంటే, పెద్ద ప్యూపాలు సులువుగా దొరుకుతున్నాయని చెప్పి ఊజీ ప్యూపాలను తరగతికి తీసుకువెళ్లవద్దు. నాలుగు ప్యూపాలకు కందిరీగ సోకకపోతే వాటిలోంచి నాలుగు ఊజీ ఈగలే వస్తాయి. తలుపు తీసి ఉన్న గదిలో నుంచి మా షెడ్డుకు రావడానికి వాటికి ఎంతో సేపు పట్టదు.

కీటకాల_గది_తిరుపతి | జనవరి 21

పలమనేరు అన్నగారికి ముందు జవాబు చెబుతాను. నాసోనియా ఈగల ప్యూపాలనే, అందులోనూ గట్టి గుల్లలో ఉండే మాంసపు ఈగ, నీలి ఈగ, ఇంటి ఈగ వంటి వాటి ప్యూపాలనే వాడుకుంటుంది. ఆడది అండనిక్షేపకంతో ఆ గుల్లను తొలిచి, విషాన్ని ఎక్కించి, గుల్లకూ లోపలి ప్యూపాకూ మధ్య ఉన్న ఖాళీలో ప్యూపా ఒంటి మీద గుడ్లు పెడుతుంది. పట్టుపురుగు ప్యూపా దానికి పనికిరాదు. మీ విన్నపం మాత్రం నూటికి నూరు పాళ్లు న్యాయమైనది, ఉపాధ్యాయులందరూ దాన్ని పాటించాలి. మాంసపు ఈగ ప్యూపాలనే వాడండి. వాడని వాటిని, కందిరీగలు వచ్చిన తరువాత మిగిలిన గుల్లలను రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి ఆ తరువాతే పారేయండి. హాస్టలు వంటగది ఫ్రిజ్‌లో మాత్రం వీటిని పెట్టకూడదు.

ఇక మేడమ్ గారికి. పదకొండు జతలను కళ్లారా చూశామన్న మాటతో నా మొదటి అనుమానం వీగిపోయింది. మీరు మొదటి టపాలోనే రాసిన ఒక సంగతిని నేను సరిగా పట్టించుకోలేదు. మీ ముదురుకళ్ల రకం బయటి నుంచి పట్టినది, ఎర్రకళ్ల రకం ఎన్నో ఏళ్లుగా ప్రయోగశాలలో పెరిగినది.

బయట దొరికే నాసోనియాలలో సాధారణంగా వోల్బాకియా అనే బాక్టీరియా కణాల లోపల నివసిస్తూ ఉంటుంది. అది తల్లి గుడ్డు ద్వారానే తరువాతి తరానికి వెళ్తుంది, శుక్రకణం ద్వారా వెళ్లలేదు. వోల్బాకియా ఉన్న మగదాని శుక్రకణాలలో అది ఏదో మార్పు చేసి పంపుతుంది. అదే వోల్బాకియా ఉన్న గుడ్డు ఆ మార్పును సరిదిద్దగలదు, లేని గుడ్డు సరిదిద్దలేదు. అలా సరిదిద్దలేని గుడ్డులో ఫలదీకరణ జరిగినప్పటికీ మొదటి కణవిభజనలో తండ్రి క్రోమోసోములు సరిగా ముడుచుకోక నశిస్తాయి. దీన్ని కణద్రవ్య అననుకూలత అంటారు. చాలా కీటకాలలో అటువంటి పిండం చనిపోతుంది. నాసోనియా విట్రిపెన్నిస్‌లో మాత్రం తల్లి ఇచ్చిన 5 క్రోమోసోములతోనే పిండం బతికి మగదవుతుంది. మీ ముదురుకళ్ల రకంలో వోల్బాకియా ఉండి, ఎర్రకళ్ల రకంలో లేదని నా ఊహ. అందుకే మీ గొట్టాలలో సంఖ్య తగ్గలేదు, కూతుళ్లు కావలసినవన్నీ కొడుకులుగా పుట్టాయి, అన్నీ తల్లి కళ్లతోనే పుట్టాయి.

మగవాటినే పుట్టించే కారణం ఇంకొకటి కూడా ఉంది. తండ్రి నుంచి వచ్చే ఒక అదనపు క్రోమోసోము, అమెరికా పశ్చిమ ప్రాంతపు నాసోనియాలలో కనుగొన్నది, ఇలాగే తండ్రి వాటానంతటినీ నాశనం చేసి తాను మాత్రం మిగులుతుంది. కాని అది మీ ముదురుకళ్ల మగవాటిలో ఉంటే వాటి సొంత రకపు ఆడవాటికి కూడా కూతుళ్లు పుట్టకూడదు. పుడుతున్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు.

నా ఊహ సరైనదైతే వ్యుత్క్రమ సంకరణం, అంటే తల్లి రకాన్నీ తండ్రి రకాన్నీ తారుమారు చేయడం, ఆ సంగతి తేల్చేస్తుంది. ముదురుకళ్ల కన్య ఆడదాన్ని ఎర్రకళ్ల మగదానితో కలపండి. ఆ తల్లికి వోల్బాకియా ఉంటుంది, తండ్రికి ఉండదు, కాబట్టి అడ్డంకి ఉండకూడదు. పక్కనే, జత లేని ఎర్రకళ్ల కన్యలను మూడు నాలుగు గొట్టాలలో పెట్టండి. ఎర్రకళ్ల జంటను మరికొన్నిటిలో, మీ మొదటి సంకరణాన్ని మరికొన్నిటిలో పెట్టండి. ఈ నాలుగింటిని ఒకే రోజున, ఒకే వయసు ప్యూపాలతో మొదలుపెట్టాలి. గుల్ల కట్టి ఒకటి రెండు రోజులైన ప్యూపాలైతే మేలు. బాగా ముదిరిన ప్యూపాలు ఇస్తే కందిరీగ కంటే ముందు ఈగే బయటకు వస్తుంది.

డిగ్రీ_రెండో_ఏడు | జనవరి 22

సార్, నాకు ఒక సందేహం. కొడుకులో తండ్రి జన్యువులే లేనప్పుడు మెండెల్ పృథక్కరణ సూత్రం (జతలోని రెండు జన్యువులూ విడిపోయి ఒక్కో సంయోగబీజంలోకి ఒక్కటే వెళ్తుందనేది) ఈ పురుగులకు వర్తించదని రాయవచ్చా? పరీక్షలో రాస్తే తప్పవుతుందా?

విశ్రాంత_ఉపన్యాసకుడు | జనవరి 22

నాయనా, అలా రాయకు. నిజానికి ఆ సూత్రం ఇక్కడ కనిపించినంత తేటగా బఠాణీలలో కూడా కనిపించదు.

పృథక్కరణ అనేది జరిగేది పిల్లలో కాదు, తల్లి అండాశయంలో క్షయకరణ విభజన జరిగే సమయంలో. బఠాణీలో ఆ విభజన ఫలితం మనకు సూటిగా కనిపించదు, ఎందుకంటే ప్రతి అండమూ ఒక పుప్పొడి సంయోగబీజంతో కలిసి బహిర్గత లక్షణం మాటున దాగిపోతుంది. అందుకే 3:1 నిష్పత్తి వస్తుంది, ఆ మూడింటిలో ఏది శుద్ధమో ఏది సంకరమో తేల్చడానికి మరో తరం పెంచాలి. ఇక్కడ ఒక సంకర కన్యను, అంటే ఒక ఎర్రకన్ను జన్యువు, ఒక ముదురుకన్ను జన్యువు ఉన్న దానిని, జత లేకుండా గుడ్లు పెట్టనిస్తే, పుట్టే ప్రతి కొడుకూ తల్లి అండంలో ఉన్నదే పైకి చూపుతాడు. వాడిలో దాచేందుకు రెండో ప్రతి ఉండదు. ఎర్రకన్నువి సగం, ముదురుకన్నువి సగం రావాలి. రెండు జన్యువులను తీసుకుంటే వాటి మధ్య పునఃసంయోజన శాతాన్ని కూడా కొడుకులను లెక్కపెట్టి సూటిగా చెప్పవచ్చు. డ్రోసోఫిలాలో అయితే దానికి పరీక్షా సంకరణం చేయాలి.

ఇంకొక మాట. మగ కందిరీగ వంశవృక్షాన్ని గీసి చూడు. వాడికి తల్లి ఒక్కతే. ఆ తల్లికి తల్లిదండ్రులు ఇద్దరు. వాళ్లకు ముగ్గురు, ఆ ముగ్గురికి ఐదుగురు, ఐదుగురికి ఎనిమిది మంది. ఈ వరుసను మాత్రాఛందస్సులో గురు లఘువుల కూర్పులు లెక్కిస్తూ హేమచంద్రుడు 12వ శతాబ్దంలో చెప్పాడు. తెలుగు మాస్టారుతో కలిసి ఒక పీరియడు చెప్పుకోవచ్చు.

చెరకు_తోట | జనవరి 23

నా మాట కొద్దిగా పక్కకు పోతుందేమో. మేము చెరకులో కాండం తొలిచే పురుగు కోసం ట్రైకోకార్డులు కడతాము. బియ్యపు పురుగు గుడ్లను కార్డుకు అతికించి వాటి మీద ట్రైకోగ్రామా అనే చిన్న పరాన్న కందిరీగల చేత గుడ్లు పెట్టిస్తారని, సోకిన గుడ్లు నల్లబడతాయని తెలుసు. ఈ చర్చ చదివాకే ఒక సంగతి అర్థమైంది. కార్డు నిండా నల్లగుడ్లు ఉన్నా వాటిలో ఎక్కువ మగవే ఉంటే, పొలంలో పురుగు గుడ్లను వెతికి పట్టేవి తక్కువే కదా? కార్డు కొనేటప్పుడు దీన్ని చూసుకునే మార్గం ఉందా?

కీటకాల_గది_తిరుపతి | జనవరి 23

ఉంది. కార్డు మూలలో చిన్న ముక్కను కత్తిరించి గాజు గొట్టంలో వేసి దూది బిరడా పెట్టి నీడలో ఉంచండి. బయటకు వచ్చాక పెద్ద భూతద్దంతో స్పర్శశృంగాలను చూడండి. మగవాటికి పొడవైన వెంట్రుకలు ఈకలాగా ఉంటాయి, ఆడవాటికి అవి పొట్టిగా ఉండి చివర గద ఆకారం కనిపిస్తుంది. మీరు ఊహించింది సరైనదే. ట్రైకోగ్రామాలోనూ లింగ నిర్ధారణ ఇదే పద్ధతిలో జరుగుతుంది, పెంచే చోట జతకట్టడం సరిగా సాగకపోతే మగవి పెరిగిపోతాయి.

చిత్తూరు_జంతుశాస్త్రం | ఫిబ్రవరి 26

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించాలి. ఫలితాలు పూర్తిగా చేతికి వచ్చే వరకు ఏమీ రాయకూడదని పిల్లలూ నేనూ అనుకున్నాము.

జత లేని ఎర్రకళ్ల కన్యలకు ఎర్రకళ్ల కొడుకులే పుట్టాయి. ఎర్రకళ్ల జంటలకు కూతుళ్లూ కొడుకులూ పుట్టాయి, కూతుళ్లే చాలా ఎక్కువ. మొదటి సంకరణాన్ని తిరిగి చేస్తే మళ్లీ అన్నీ ఎర్రకళ్ల మగవే. ఇక ముదురుకళ్ల తల్లికి ఎర్రకళ్ల తండ్రిని ఇచ్చిన గొట్టాలు. వాటిని తెరిచిన రోజు నాకు బాగా గుర్తుండిపోతుంది. గొట్టాన్ని కిటికీ వైపు అడ్డంగా పట్టుకుంటే కందిరీగలన్నీ వెలుతురు వైపుకు నడిచి వచ్చాయి, వాటిలో పొడవైన రెక్కలున్నవి గుంపుగా ఉన్నాయి. "ఆడవి, మేడమ్, ఆడవి" అని ముందు వరుసలో కూర్చున్న అబ్బాయి అరిచాడు. అన్నీ ముదురు కళ్లవే. తండ్రి కళ్లు ఎర్రవి కాబట్టి ఆ కూతుళ్లన్నీ సంకరాలే అని చెప్పడానికి ఎవరికీ నా సాయం అవసరం కాలేదు.

ఈ సంకర కూతుళ్లలో కొన్నింటిని మళ్లీ ప్యూపా దశలోనే వేరుచేసి, జత లేకుండా గుడ్లు పెట్టించాము. లెక్కించిన 96 మగవాటిలో 51 ముదురుకళ్లవి, 45 ఎర్రకళ్లవి. కై వర్గ పరీక్ష (వచ్చిన లెక్క అనుకున్న నిష్పత్తికి ఎంత దూరంలో ఉందో చూసేది) చేస్తే విలువ 0.375 వచ్చింది, హద్దు విలువ అయిన 3.84 కంటే బాగా తక్కువ కాబట్టి 1:1కి విరుద్ధంగా లేదు. ఇక్కడ ఒక విద్యార్థిని నేను ఊహించని ప్రశ్న వేసింది: "ఈ తల్లులలో వోల్బాకియా ఉంది కదా, అయినా ఈ లెక్కను అది ఎందుకు చెడగొట్టలేదు?" శుక్రకణమే రాని గుడ్డులో చెడగొట్టడానికి తండ్రి క్రోమోసోములే లేవని ఆమే ఒక నిమిషం ఆలోచించి జవాబు చెప్పింది.

పాత విద్యార్థిని రెండు రకాల నుంచి నమూనాలు తీసుకువెళ్లి పీసీఆర్ (డీఎన్ఏ ఆనవాలు పట్టే పరీక్ష) చేసింది. ముదురుకళ్ల రకంలో వోల్బాకియా ఉంది, ఎర్రకళ్ల రకంలో లేదు.

పెంపకం విషయంలో ఇతర ఉపాధ్యాయులకు పనికివచ్చే మాట ఒకటి చెప్పాలి. ఫిబ్రవరి రెండో వారం నుంచే మా ప్రయోగశాల గదిలో మధ్యాహ్నం వేడి పెరిగింది, మాకు ఇంక్యుబేటర్ లేదు. అందుకని వెడల్పాటి మట్టి తొట్టిలో ఇసుక పోసి తడిపి, అందులో ఒక మట్టి కుండను సగం వరకు పాతి, గొట్టాల స్టాండును కుండలో పెట్టి, మూతగా తడి గోనెసంచి కప్పాము. ఉష్ణమాపకం 25, 27 డిగ్రీల మధ్య నిలిచింది. మొదటి వారంలో లోపల తేమ ఎక్కువై మూడు గొట్టాలలో ప్యూపాల మీద బూజు పట్టింది, క్యాప్సూళ్లు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. అప్పటి నుంచి గోనెను కుండ మూతికి తగలకుండా రెండు కర్రల మీద ఆనించాము, క్యాప్సూళ్లకు బదులు దూది బిరడా పెట్టిన చిన్న గాజు గొట్టాలు వాడాము. తేనెను నీళ్లలో కలిపి కాగితపు ముక్క మీద ఒక్క చుక్క మాత్రమే ఇవ్వాలి. చుక్క పెద్దదైతే కందిరీగలు అందులో అంటుకుని చనిపోతాయి.

పలమనేరు_పట్టుగూళ్లు | ఫిబ్రవరి 26

మేడమ్, మీ పిల్లలను ఒకసారి మా షెడ్డుకు తీసుకురండి. నెసోలింక్స్ వదిలే రోజు ముందుగా తెలియజేస్తాను. ఊజీ ప్యూపాలను అక్కడే, వల లోపలే చూపిస్తాను.

కీటకాల_గది_తిరుపతి | ఫిబ్రవరి 27

ఫలితాలు చదివి చాలా ఆనందించాను. ఎర్రకళ్ల జంటలకు కూతుళ్లే చాలా ఎక్కువ అని మీరు ఒక్క మాటలో దాటిపోయారు, కాని తరువాతి ప్రయోగం అక్కడే ఉంది. ఒకే తల్లి ఒక ప్యూపా మీద గుడ్లు పెట్టినప్పుడు, ఆమె కొడుకులు జతకట్టేది తమ అక్కచెల్లెళ్లతోనే. అందుకు కొద్దిమంది కొడుకులు చాలు, మిగిలిన గుడ్లన్నీ కూతుళ్లయితేనే ఆమెకు లాభం. చాలామంది తల్లులు ఒకే చోట గుడ్లు పెడితే కొడుకులు పరాయి కూతుళ్లతో కూడా జతకట్టగలరు, కాబట్టి కొడుకుల విలువ పెరుగుతుంది. పరిణామ జీవశాస్త్రవేత్త హామిల్టన్ 1967లో మగవాటి వాటాకు ఒక సూత్రం ఇచ్చాడు: తల్లుల సంఖ్య నుంచి ఒకటి తీసివేసి, వచ్చినదాన్ని మొత్తం తల్లుల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. ఇద్దరు తల్లులుంటే మగవాటి వాటా 25 శాతం, నలుగురుంటే 37.5 శాతం. ఒక్క తల్లే ఉంటే సూత్రం సున్నా అంటుంది, అంటే కూతుళ్లకు సరిపడా కొడుకులు మాత్రమే. మీ పిల్లలు ఒక్క ఆడది, రెండు, నాలుగు చొప్పున గొట్టాలు పెట్టి లెక్కపెడితే ఈ పెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది, సంఖ్యలు సూత్రంతో అచ్చంగా సరిపోకపోయినా. ఒకే రకపు ఆడవాటిని, అదే రకపు మగవాటితో జతకట్టిన వాటినే వాడండి, లేకపోతే వోల్బాకియా మళ్లీ అడ్డం వస్తుంది.

చిత్తూరు_జంతుశాస్త్రం | ఫిబ్రవరి 27

జూన్‌లో కళాశాల తెరవగానే అదే మొదలుపెడతాము. ఈలోగా రెండు నెలల ఎండల్లో ఈ రెండు రకాలను ఎలా కాపాడుకోవాలన్నదే ఇప్పుడు నా బాధ. సెలవుల్లో రెండు వారాలకొకసారి కొత్త ప్యూపాలు అందించడం మా వల్ల కాదు.

కీటకాల_గది_తిరుపతి | ఫిబ్రవరి 28

దానికి మార్గం కందిరీగలోనే ఉంది. తల్లిని కొన్ని రోజుల పాటు చల్లని చోట, పగటి వెలుతురు తక్కువ గంటలు ఇచ్చి ఉంచితే, ఆమె పెట్టే గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు చివరి దశలో ఎదుగుదల ఆపి నిద్రాణస్థితిలోకి వెళ్తాయి. ఆ డింభకాలున్న ఈగ గుల్లలను ఫ్రిజ్‌లో ఏడాది పైగా ఉంచవచ్చు. తీసి వెచ్చని గదిలో పెడితే మళ్లీ ఎదుగుతాయి. ఇది మట్టి కుండతో సాధ్యం కాదు, వెలుతురును, చలిని గంటల లెక్కన నియంత్రించే ఇంక్యుబేటర్ కావాలి. మా దగ్గర ఉంది. ప్రతి రకం నుంచి జతకట్టిన ఆడవాటిని ఇరవై చొప్పున, విడివిడి గొట్టాలలో, రకం పేరూ తేదీ రాసిన చీటీ లోపల కాకుండా బయట అతికించి పంపండి. మధ్యాహ్నం బస్సులో కాకుండా తెల్లవారుజామున వచ్చే వారి చేతికి ఇవ్వండి, గొట్టాల చుట్టూ తడి గుడ్డ చుట్టండి. మార్చి మొదటి వారం లోపల అందితే మే నెలకు ముందే నిద్రాణ డింభకాలను సిద్ధం చేసి ఉంచుతాను.

చిత్తూరు_జంతుశాస్త్రం | ఫిబ్రవరి 28

సోమవారం ఉదయం ఐదున్నర బస్సుకు నేనే వస్తున్నాను. బొమ్మలు గీసిన అమ్మాయి కూడా తన తండ్రితో కలిసి నా వెంట వస్తానంటున్నది. ఇంక్యుబేటర్‌లో వెలుతురు గంటలను ఎలా అమరుస్తారో చూడాలట. వీలైతే ఆమెకు ఒక అరగంట కేటాయించగలరు.